డీజిల్ కారు కథ: అంబాసిడర్ నుంచి కామన్ రైల్ దాకా... పాత బండిని ఉంచుకోవాలా, వదిలేయాలా?

ఈరోజు మనం పాత డీజిల్ కార్ల గురించి మాట్లాడుకుందాం. "ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తుంటే ఇప్పుడీ డీజిల్ గోలేంటి అన్నా?" అని మీలో కొంతమందికి అనిపించొచ్చు. కానీ మీ వీధిలో ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూడండి. పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన డీజిల్ కార్లు ఎన్ని కనిపిస్తాయో! సెకండ్ హ్యాండ్ కార్ల యాప్ తెరిస్తే "2012 మోడల్, డీజిల్, సింగిల్ ఓనర్" అని వరసగా వస్తూనే ఉంటాయి. కొన్నిటి ధర చూస్తే ఒక మంచి బైకు రేటే ఉంటుంది. చేతిలో కొంచెం డబ్బున్న కుర్రాడికి టెంప్టేషన్ రాకుండా ఉంటుందా?

అసలు ఈ బండ్లు మన రోడ్ల మీదకు ఇన్ని ఎలా వచ్చాయి? ఒకప్పుడు అందరూ ఎగబడి కొన్నవాటిని ఇప్పుడు ఎందుకు వద్దంటున్నారు? ఇంట్లో ఒకటి ఉంటే ఏం చేయాలి? జవాబు సగం ఇంజన్లో ఉంది, సగం ప్రభుత్వం వేసిన లెక్కల్లో ఉంది. రెండూ చూద్దాం.

నిప్పురవ్వ లేని ఇంజన్

సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకుని చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది. పెట్రోల్ ఇంజన్లో గాలి, పెట్రోల్ కలిపి సుమారు పది వంతులకు నొక్కి, స్పార్క్ ప్లగ్‌తో నిప్పు పెడతారు. పాత డీజిల్ కారు ఇంజన్ ఉత్త గాలినే ఇరవై వంతులకు, కొన్నిట్లో ఇంకా ఎక్కువకే నొక్కుతుంది. ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్‌తో పనే లేదు.

ఈ ఆలోచన రుడాల్ఫ్ డీజిల్‌ది. 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు. ఆ కాలంలో ఆవిరి ఇంజన్లు కాల్చిన బొగ్గులో పదో వంతు శక్తిని కూడా పనికి వాడుకునేవి కావు. మిగతాదంతా వేడిగా గాల్లో కలిసేది. ఈ వృథాను తగ్గించాలని ఆయన 1892లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఆగ్స్‌బర్గ్‌లోని ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక, 1897లో ఇంజన్ పరీక్షలో నెగ్గింది. సామర్థ్యం సుమారు 26 శాతం. అప్పటికి అది మామూలు విషయం కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు కూడా. మన అనంతపురం రైతుకు ఈ ముక్క చెబితే "ఆ పంట మా దగ్గరే ఉంది కదయ్యా" అంటాడేమో!

ఆయన జీవితం మాత్రం సుఖాంతం కాలేదు. 1913 సెప్టెంబర్ 29 రాత్రి బెల్జియం నుంచి ఇంగ్లండ్ వెళ్తున్న ఓడలో నుంచి మాయమయ్యాడు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. అంత ఒత్తిడి తట్టుకోవాలి కాబట్టి డీజిల్ ఇంజన్ బరువుగా, బలంగా చేస్తారు. అందుకే ఎక్కువ కాలం బతుకుతుంది. సరైన క్షణంలో, సరైన కొలతలో డీజిల్ చిమ్మడమే దాని ప్రాణం. అందుకే దానికి వచ్చే ఖరీదైన జబ్బుల్లో చాలావరకు ఇంధనం వెళ్లే దారిలోనే వస్తాయి.

లారీ నుంచి కారుకు

మొదట్లో ఈ ఇంజన్లు ఫ్యాక్టరీలకు, ఓడలకు మాత్రమే పనికొచ్చేవి. అంత పెద్దవి మరి. చిన్న బండికి సరిపోయే ఇంజెక్షన్ పంపును జర్మనీలో బాష్ కంపెనీ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక లారీలకు దారి తెరుచుకుంది. 1936లో మెర్సిడెస్ కంపెనీ 260 డి అనే డీజిల్ కారు తెచ్చింది. రెండున్నర లీటర్ల ఇంజన్, 45 హార్స్ పవర్. దాన్ని ముందుగా ఇష్టపడింది ఎవరనుకున్నారు? టాక్సీ వాళ్లు. రోజంతా తిరిగేవాడికే కదా ఆయిల్ ఖర్చు నొప్పి తెలిసేది!

టాక్సీ డీజిల్ బండి ఎంత దూరం వెళ్లగలదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. గ్రీస్ దేశంలో గ్రెగోరియోస్ సచినిడిస్ అనే టాక్సీ డ్రైవర్ 1976 మోడల్ మెర్సిడెస్ 240 డిని 46 లక్షల కిలోమీటర్లు తిప్పాడు. 2004లో కంపెనీ ఆ కారును తీసుకుని తన మ్యూజియంలో పెట్టుకుంది. ఒకే ఇంజన్‌తో అంత దూరం వెళ్లాడనుకోకండి. ఇంజన్లు దించుతూ, బాగుచేస్తూ, మారుస్తూ నడిపాడు. "డీజిల్ బండి చావదు" అని మనవాళ్లు అంటారు. చావదు నిజమే, కానీ దాని వెనక చాకిరీ చేసేవాడు ఒకడుండాలి.

మన దగ్గర ఆ చాకిరీకి పునాది బెంగళూరులో పడింది. 1951లో మైకో అనే కంపెనీ మొదలై, ఇంజెక్షన్ పంపులు, నాజిళ్లు, స్పార్క్ ప్లగ్గులు ఇక్కడే తయారు చేసింది. బాష్‌తో కలిసి నడిచిన ఆ కంపెనీ 2008లో పేరు కూడా బాష్‌గా మార్చుకుంది. అయినా విజయవాడ ఆటోనగర్‌లో పాత మెకానిక్‌ల నోట ఇప్పటికీ "మైకో పంపు", "మైకో నాజిల్" అనే మాటలే వినిపిస్తాయి.

అంబాసిడర్ గుడగుడ

ఇప్పుడు మన దేశానికొద్దాం. 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు 1489 సీసీ డీజిల్ ఇంజన్ వచ్చింది. మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారుగా దాన్నే చెబుతారు. టన్నుకు పైగా బరువున్న కారుకు 40 హార్స్ పవర్ కూడా లేదు! ఘాట్ రోడ్డు ఎక్కాలంటే ఓపిక కావాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా గుడగుడ. అయినా టాక్సీ వాళ్లు వదల్లేదు. ఎందుకంటే డీజిల్ చవక.

ఎందుకు చవక? ఇదే ఈ కథలో అసలు కీలకం. డీజిల్ అంటే లారీ, ఆర్టీసీ బస్సు, ట్రాక్టరు, పొలంలో మోటారు. దాని రేటు పెరిగితే బియ్యం రేటు, కూరగాయల రేటు పెరుగుతాయి. అందుకే ప్రభుత్వాలు డీజిల్ రేటు తక్కువలో ఉంచాయి. పెట్రోల్ అంటే కార్లలో తిరిగేవాళ్లు వాడేది అనే లెక్కతో దానిపై పన్ను గట్టిగా వేశాయి. రైతు కోసం పెట్టిన ఆ తేడాలోకి మెల్లగా కార్లు దూరాయి. పెట్రోల్ అంబాసిడర్లు, జీపులు కొన్నవాళ్లు కూడా వాటి ఇంజన్ పీకేసి డీజిల్ ఇంజన్ బిగించుకునేవారు.

ఇండికా, హైటెక్ సిటీ: ఒకే సీజన్‌లో పుట్టిన జోడీ

1998 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో టాటా కంపెనీ ఇండికా కారును జనానికి చూపించింది. బయటికి చిన్న కారు, లోపల అంబాసిడర్ అంత చోటు, ఖర్చు డీజిల్ ఖర్చు. రతన్ టాటా కోరిక అదే. 1405 సీసీ డీజిల్ ఇంజన్. ఆ ఏడాది చివర్లో అమ్మకాలు మొదలయ్యాయి. బుకింగ్‌లు లక్ష దాటిపోయాయి. మొదటి బండ్లపై ఫిర్యాదులూ గట్టిగానే వచ్చాయి. కంపెనీ వాటిని సరిదిద్ది 2001లో వీ2 తెచ్చాక అది నిలదొక్కుకుంది.

సరిగ్గా అదే 1998 నవంబర్‌లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఐటీ కంపెనీలు, ఆ తర్వాత కాల్ సెంటర్లు వచ్చాయి. రాత్రి షిఫ్టులు వచ్చాయి. అర్ధరాత్రి ఉద్యోగుల్ని ఇంటి దగ్గర దింపాలంటే వేల క్యాబ్‌లు కావాలి. నలుగురు కూర్చోవాలి, ఏసీ ఉండాలి, ఖర్చు తక్కువుండాలి. తెల్ల ఇండికా ఆ పనికే పుట్టినట్టు సరిపోయింది.

మా నాన్నగారు ఆ రోజుల్లో క్యాబ్ నడిపారు. నల్గొండ జిల్లా నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, కర్నూలు నుంచి ఎంతోమంది కుర్రాళ్లు అలాగే వచ్చారు. ఫైనాన్స్‌లో బండి తీసుకుని, నెలనెలా కిస్తీ కట్టుకుంటూ, నాలుగైదేళ్లకు బండి సొంతం చేసుకునేవాళ్లు. హైటెక్ సిటీ గురించి మాట్లాడేటప్పుడు కోడ్ రాసినవాళ్ల గురించి చెబుతాం. వాళ్లను టైముకు చేర్చిన డీజిల్ బండ్ల గురించీ, వాటి డ్రైవర్ల గురించీ కూడా ఒక పేజీ ఉండాలని నా అభిప్రాయం. ఆ బండ్ల కిస్తీల మధ్యే మా చదువుల ఫీజులు కట్టారు.

కామన్ రైల్ వచ్చింది, గుడగుడ తగ్గింది

పాత డీజిల్ ఇంజన్లో ఒక పంపు నాలుగు సిలిండర్లకు వంతులవారీగా డీజిల్ పంచేది. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్‌ను ముందే విపరీతమైన ఒత్తిడితో ఒక ఉక్కు గొట్టంలో నిల్వ ఉంచుతారు. కంప్యూటర్ చెప్పినప్పుడల్లా ఇంజెక్టర్ తెరుచుకుని చిమ్ముతుంది. ఇటలీలో ఫియట్ వాళ్లు దీని మీద పనిచేశారు, బాష్ దాన్ని ఉత్పత్తి దాకా తెచ్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో వచ్చింది. ఒత్తిడి ఎంతంటే, మీ కారు టైరులో సుమారు 2 బార్ ఉంటుంది. ఈ గొట్టంలో వెయ్యి బార్లకు పైమాటే!

2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్ మన దగ్గరికి వచ్చింది. 1248 సీసీ, ఫియట్ డిజైన్ చేసిన ఇంజన్. తర్వాత అదే ఇంజన్ టాటా బండ్లలోనూ, ఫియట్ బండ్లలోనూ కనిపించింది. అందుకే సరదాగా దాన్ని "జాతీయ ఇంజన్" అన్నారు.

ఇక రేట్లు చూడండి. 2010 జూన్‌లో పెట్రోల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, డీజిల్‌పై ఉంచారు. 2012 మే నెలలో ఢిల్లీలో లీటర్ పెట్రోల్ 73 రూపాయలు దాటింది. డీజిల్ సుమారు 41 రూపాయలే. లీటర్‌కు 32 రూపాయల తేడా! పైగా మైలేజీ ఎక్కువ. ఎవరు ఆగుతారు? ఆ ఏడాది డీజిల్ కార్లకు నెలల తరబడి వెయిటింగ్ ఉండేది. ఇవాళ మీ యాప్‌లో కనిపిస్తున్న "2012 మోడల్ డీజిల్" బండ్లన్నీ ఆ 32 రూపాయలకు పుట్టిన బిడ్డలే.

గాలి మారింది

2014 అక్టోబర్‌లో డీజిల్ ధరనూ మార్కెట్‌కు వదిలేశారు. తేడా కరగడం మొదలైంది. 2015 సెప్టెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ పరీక్షలో మాత్రమే తక్కువ పొగ చూపించేలా సాఫ్ట్‌వేర్ పెట్టిందని అమెరికాలో బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. 2020 ఏప్రిల్ 1న మన దగ్గర బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. చిన్న డీజిల్ ఇంజన్‌కు ఆ పొగ శుద్ధి పరికరాలన్నీ బిగిస్తే ధర గిట్టదు. మారుతి డీజిల్ కార్లే ఆపేసింది.

ఢిల్లీ కథ ఇంకా గట్టిది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతంలో తిరగకూడదన్నాయి. 2025 జూలైలో అలాంటి బండ్లకు బంకుల్లో ఆయిల్ పోయొద్దన్నారు, జనం గొడవ చేస్తే కొద్ది రోజుల్లోనే ఆపారు. ఇదంతా ఢిల్లీ ప్రాంతానికి సంబంధించిన విషయం. మన రెండు రాష్ట్రాల్లో సొంత కారుకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ తర్వాత బండిని చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం.

పొగ సంగతి దాచిపెట్టి బండిని పొగడటం నాకు ఇష్టం లేదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. మన బండి వెనక బైకు మీద వచ్చేవాడు, స్కూల్ ఆటోలో కూర్చున్న పిల్ల ఆ గాలే పీలుస్తారు. మిగిలిన డబ్బు మన జేబులోకి, పొగ వాళ్ల ఊపిరితిత్తుల్లోకి అంటే ఎలా?

పాత డీజిల్ బండి ఉంటే ఇవి చూసుకోండి

మొదటిది పొగ రంగు. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి సరిపోవడం లేదు. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, టర్బో పైపులు చూపించాలి. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే డీజిల్ సరిగా కాలడం లేదు, లేదా కూలెంట్ లోపలికి దిగుతోంది. కొనేముందు బండిని ఓనర్ స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచకుండా చూసుకోండి. చల్లగా ఉన్న ఇంజన్‌ను మీ ముందు స్టార్ట్ చేయిస్తే సగం జాతకం తెలిసిపోతుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమైతే హీటర్ ప్లగ్గులు, బ్యాటరీ, కంప్రెషన్, ఈ మూడూ చెక్ చేయించాలి.

రెండోది డీజిల్ ఫిల్టర్. కామన్ రైల్ ఇంజన్‌కు నీళ్లు, మురికి అంటే విషం. ఫిల్టర్ కింద నీళ్లు చేరే గిన్నె ఉంటుంది, దాన్ని మధ్యమధ్యలో వంపాలి. ఒక వానాకాలం ఒక బంకులో డీజిల్ పోయించాక మా బండిలో ఫిల్టర్ లైటు వెలిగింది. నాన్న వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశారు. "పది కిలోమీటర్లే కదా, వెళ్లిపోదాం నాన్నా" అన్నాను నేను. "పది కిలోమీటర్లు పోతే నాలుగు ఇంజెక్టర్లు పోతయిరా" అన్నారు. మెకానిక్‌ను పిలిపించి నీళ్లు వంపించి, కొత్త ఫిల్టర్ వేసి, గాలి తీయించాకే కదిలాం. ఫిల్టర్ ఖర్చు వందల్లో, ఇంజెక్టర్ల ఖర్చు వేలల్లో.

మూడోది టైమింగ్. మీ ఇంజన్‌ది బెల్టా, చైనా తెలుసుకోండి. బెల్టు అయితే కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు, లేదా చెప్పిన ఏళ్లకు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాల్సిందే. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ దించాల్సి వస్తుంది. పాత బిల్లు చూపించలేని బండి కొంటే, బెల్టు మార్చలేదనే అనుకోండి. ఇక ఇంజన్ ఆయిల్ తొందరగా నల్లబడితే కంగారు పడకండి. డీజిల్ ఇంజన్లో అది మామూలే. గ్రేడు సరైనది వేయాలి, టైముకు మార్చాలి.

నాలుగోది లెక్క. పెట్రోల్ కారు లీటర్‌కు 15, డీజిల్ కారు 20 ఇస్తాయనుకుందాం. పెట్రోల్ 107, డీజిల్ 95 అనుకోండి. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌తో సుమారు 24,000 మిగులుతుంది. నెలకు 300 కిలోమీటర్లే తిరిగితే ఏడాదికి మిగిలేది 8,500 మాత్రమే. ఒక్క కొత్త ఇంజెక్టర్ ఆ మిగులు మింగేయగలదు. ఊళ్లోనే ఆఫీసుకు, కూరగాయలకు తిరిగేవాళ్లకు పాత డీజిల్ పనికిరాదు. బీఎస్-6 డీజిల్ అయితే మరీనూ. చిన్న చిన్న ట్రిప్పులకు దాని పొగ ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఉంచుకోవాలా, వదిలేయాలా?

మా ఇంట్లో కూడా ఇదే చర్చ నడుస్తోంది. క్యాబ్ మానేశాక నాన్న సొంతానికి కొన్న డీజిల్ కారుకు 15 ఏళ్లు నిండబోతున్నాయి. అమ్మ "అమ్మేయండి" అంటుంది. నాన్న ఒకటే అన్నారు: "ఫిట్‌నెస్ చేయిద్దాం. పొగ పరీక్షలో పాసైతే ఐదేళ్లు ఉంచుదాం. ఫెయిలైతే ఎవడికో అంటగట్టేది లేదు, తుక్కుకే ఇచ్చేద్దాం." ఈ మాట నాకు నచ్చింది. మనం వద్దనుకున్న పొగను ఇంకో ఊరికి అమ్మితే అది పోయినట్టు కాదు కదా. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌లో ఇస్తే సర్టిఫికెట్ వస్తుంది. కేంద్ర నిబంధనల ప్రకారం దానితో కొత్త సొంత బండి రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

నన్నడిగితే, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు, సర్వీస్ రికార్డు ఉన్న బండిని, పొగ లేనంతకాలం ఉంచుకోవచ్చు. చవగ్గా వస్తోందని మాత్రం రికార్డు లేని పాత డీజిల్‌ను కొనకండి. పొల్యూషన్ సర్టిఫికెట్‌ను డబ్బులిచ్చి తెచ్చుకునే కాగితంలా చూడకండి, పైపు దగ్గర నిజంగా పరీక్ష చేయించండి. 32 రూపాయల తేడా ఒక తరం చేత ఈ బండ్లు కొనిపించింది. ఆ తేడా ఇప్పుడు లేదు. ఉన్న బండిని బాగా చూసుకోవడం, టైమొచ్చినప్పుడు గౌరవంగా వదిలేయడం, ఈ రెండే మన చేతిలో ఉన్నాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా బండి నెమ్మదిగా నడపండి, ఫోన్ పక్కన పెట్టి నడపండి. ఉంటాను మరి, నమస్తే.